నీలాంకరై, పుదుచ్చేరి, హావ్‌లాక్: ఆడవాళ్ల వెట్‌సూట్ ఎక్కడ ఎంత అక్కరకొస్తుంది

28 డిగ్రీల నీళ్లలో చలేమిటని చెన్నైలో ఎవరైనా నవ్వుతారు. నీలాంకరై దగ్గర స్కూబా డైవింగ్‌కు పడవెక్కి, రెండో డైవ్ ముగించుకుని పైకొచ్చిన ఆడవాళ్ల పెదవులు చూస్తే ఆ నవ్వు ఆగిపోతుంది. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. దానికి తోడు రెండు డైవ్‌ల మధ్య తడిసిన వెట్‌సూట్‌తో, అంటే ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులతో, పడవలో గాలికి కూర్చునే గంట ఒకటుంది. మొదటి డైవ్‌లో ఏమీ తెలియదు, రెండోదానిలో బాకీ మొత్తం ఒకేసారి వసూలవుతుంది.

ఇక్కడే చాలామంది మందం వెంట పడతారు. 3 మిల్లీమీటర్లది చలేసింది కాబట్టి 5 మిల్లీమీటర్లది కావాలంటారు. చెన్నై తీరంలో నీరు ఏడాదిలో ఎక్కువ భాగం 26 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఆ నీటికి ఒంటికి అతుక్కున్న 3 మిల్లీమీటర్ల ఫుల్ సూట్ చాలు. చలి ఎక్కువగా పుట్టేది సూట్ పలచన కావడం వల్ల కాదు, నడుము దగ్గర అది సంచిలా ఉండటం వల్ల. సూట్ లోపలి నీటిపొర వెచ్చబడి కాపాడుతుందన్నది సగమే నిజం. చలిని ఆపేది సూట్‌కు వాడే నియోప్రీన్ అనే రబ్బరు నురగలోని సన్నని వాయుబుడగలు. 1950ల తొలి ఏళ్లలో బర్కిలీలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ పట్టుకున్న కిటుకు అదే: ఒళ్లు తడిసినా బుడగలుంటే చాలు. అయితే లోపలికి చేరిన నీరు కదలకుండా ఉండాలి. కాలు ఊపిన ప్రతిసారీ వెచ్చని నీరు బయటికి పోయి చల్లనిది లోపలికి వస్తుంటే 5 మిల్లీమీటర్లున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అద్దె సూట్లలో చాలావరకు మగవాళ్ల కట్, లేదా 'యునిసెక్స్' అని పేరు పెట్టుకున్న మగవాళ్ల కట్. తుంటికి పట్టాలంటే పెద్ద సైజు తీసుకోవాలి. తీసుకోగానే భుజాలు, మెడ, నడుము వదులవుతాయి. వెన్ను వంపు దగ్గర గుప్పెడు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే అసలు దొంగ.

కొనేటప్పుడు ఎత్తు, బరువు పట్టిక చూసి ఆర్డరివ్వడం జాకెట్ గుడ్డను గజాల్లో కొని దర్జీకి కొలతలివ్వకపోవడం లాంటిది. ఛాతీ, నడుము, తుంటి కొలవాలి. వాటికంటే ముఖ్యమైనది ఒకటుంది: టేపును ఒక భుజం మీంచి ముందువైపు దించి, కాళ్ల మధ్యగా తిప్పి, వెనకనుంచి మళ్లీ అదే భుజానికి తేవాలి. మొండెం పొడవు తెలిసేది దీనితోనే. సూట్ చేతులూ కాళ్లూ పొడవైతే చివర కత్తిరించుకోవచ్చు. నైలాన్ లైనింగ్ ఉన్న నియోప్రీన్ పోగులు పోదు, కుట్టు చివర నియోప్రీన్ గమ్ చుక్క వేస్తే సరి. సూట్ మొండెం పొట్టిదైతే భుజాలు కిందికి లాగి ఊపిరి బిగుస్తుంది, పొడవైతే పొట్ట దగ్గర మడతలు పడతాయి. ఈ రెంటికీ మందు లేదు. అయిదడుగులకు అటూ ఇటూ ఉండేవాళ్లు సైజు అంకె పక్కన 'షార్ట్' అని ఉండే రకాన్ని వెతకాలి. నడుము దగ్గర టీ నగర్ దర్జీతో కుట్టు వేయించి బిగించుకుందామన్న ఆలోచన వద్దు. మామూలు మిషన్ సూది పెట్టిన ప్రతి రంధ్రమూ కారుతుంది.

వేసుకుని చూసేటప్పుడు అద్దం ముందు నిలబడితే సరిపోదు. చేతులు పైకెత్తితే చంక దగ్గర గుడ్డ వేలాడకూడదు. గొంతుక్కూర్చుంటే కాళ్ల మధ్య ఖాళీ రాకూడదు, మోకాలి వెనక లావుపాటి మడత పడకూడదు. వెన్ను వంపు దగ్గర గిల్లితే చిటికెడు కంటే ఎక్కువ చేతికి రాకూడదు. నిండుగా ఊపిరి పీల్చి దగ్గి చూడాలి. అది కుదరకపోతే ఎంత ముద్దొచ్చే రంగైనా వద్దు. మెడ విషయంలో మాత్రం రాజీ పడకూడదు. రెండు వేళ్లు పట్టకపోతే మెడ పక్కనున్న రక్తనాళాల మీద ఒత్తిడి పడి గుండె వేగం తగ్గవచ్చు, కళ్లు తిరగవచ్చు. ఒడ్డున కాస్త బిగుతుగా ఉంటే భయపడనక్కర్లేదు, నీళ్లలో అది కొంచెం సాగుతుంది. ఒడ్డునే సుఖంగా ఉన్న సూట్ నీళ్లలో వదులు.

కుట్లు కూడా చూడాలి. రైలు పట్టాల్లా రెండు వైపులా కనబడే ఫ్లాట్‌లాక్ కుట్టులో సూది గుడ్డను దాటి వస్తుంది, నీరూ దాటుతుంది. మన నీళ్లకు దానితో సర్దుకోవచ్చు. రెండు అంచులనూ అంటించి, సూది అవతలికి రాకుండా సగం మందంలోనే కుట్టిన బ్లైండ్ స్టిచ్ మేలు, ధర కూడా ఆ మేరకే. లోపల మెత్తని ప్లష్ లైనింగ్ ఉంటే పడవమీద హాయి. 'టైటానియం పొర' అని అమ్మేవాళ్లు చెప్పే మాటకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇక చోట్ల సంగతి. చెన్నై దగ్గరి నీలాంకరై, కోవళం డైవ్‌లు శని, ఆదివారాలకు అనువు. బస ఖర్చు ఉండదు, తెల్లారకముందే ఈసీఆర్ (తీరం వెంబడి సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్) పట్టుకుంటే చాలు. ఇబ్బంది సముద్రంలో కాదు, పడవలో. చిన్న ఫైబర్ పడవల్లో బాత్రూం ఉండదు. అందుకని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. ఒంట్లో నీరు తగ్గితే చలి పెరుగుతుంది, పైకొచ్చేటప్పుడు ఒంట్లో వాయుబుడగలు పుట్టే డీకంప్రెషన్ జబ్బు ముప్పూ పెరుగుతుంది. ఇలాంటి చోట ఒకే ముక్కగా ఉండే సూట్ కంటే పైజామా, జాకెట్ విడివిడిగా ఉండే రెండు ముక్కల సూటే మేలు. పైన ఒక సైజు, కింద ఒక సైజు తీసుకోవచ్చు కూడా. కత్తిరి ఎండల్లో ఒడ్డునే జిప్ ఎగలాగేసుకుంటే వడదెబ్బ ఖాయం. నడుము వరకే తొడిగి, మిగతాది పడవ ఆగాక తొడగాలి.

పుదుచ్చేరి సుమారు 150 కిలోమీటర్లు. అక్కడి కృత్రిమ టెంపుల్ రీఫ్ 18 మీటర్ల దగ్గర ఉంటుంది, గోడలా దిగే చోట్లు ఇంకా లోతు. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు, 30 దగ్గర నాలుగు రెట్లు. బుడగలు ఆ మేరకు నలిగి, పైన 3 మిల్లీమీటర్లున్న సూట్ కింద పలచబడిపోతుంది. దానికి తోడు కొన్ని రోజులు లోతులో చల్లని నీటిపొర తగులుతుంది. దీనికి 5 మిల్లీమీటర్లది కొనేకంటే, ఉన్న 3 మిల్లీమీటర్ల సూట్ లోపల హుడ్ ఉన్న 2 మిల్లీమీటర్ల బనియను వేసుకోవడం తెలివైన ఖర్చు. తల, మెడ, వెన్ను మూడూ మూసుకుపోతాయి. పొడవాటి జుట్టును మెడ కింద జడగా బిగించి హుడ్ లోపలికి దోపాలి. ఒక్క వెంట్రుక మాస్కు అంచు కింద చిక్కినా నీరు కారుతూనే ఉంటుంది. పొర పెరిగితే తేలే గుణమూ పెరుగుతుంది కాబట్టి మునగడానికి నడుముకు కట్టే వెయిట్ బెల్ట్‌కు కిలో నుంచి రెండు కిలోలు చేర్చాల్సి రావచ్చు. డైవ్ చివర 5 మీటర్ల దగ్గర, ట్యాంకులో 50 బార్ ఒత్తిడి మిగిలినప్పుడు, బీసీడీ (గాలి నింపి తేలే జాకెట్) ఖాళీ చేసి నిలకడగా ఉండగలిగితే లెక్క కుదిరినట్టు.

బసను కూడా సూట్‌ను బట్టే ఎంచుకోవాలి. ఫ్రెంచి వీధుల్లోని మేడ గదులు చూడముచ్చటగా ఉంటాయి గానీ తడిసూట్ ఆరేసే చోటుండదు. ఊరి బయట నీడపట్టు వరండా, మంచినీళ్ల కొళాయి, ఒక పెద్ద బకెట్ ఉన్న సాదా గది దానికంటే మేలు. ఈసీఆర్ పొడవునా చాలాచోట్ల బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడగనట్టే. నాలుక మీద చుక్క వేసుకుని చూడండి. ఎండలో ఆరేస్తే నియోప్రీన్ గట్టిపడి పగులుతుంది. లోపలివైపు బయటికి తిప్పి, వెడల్పాటి హ్యాంగర్‌కు వేసి నీడలో ఆరబెట్టాలి.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానం ఉంది. ఆ ఊరి పేరిప్పుడు శ్రీ విజయపురం. అక్కడినుంచి పడవలో వెళ్లే అండమాన్ దీవి హావ్‌లాక్‌లో డైవ్ సెంటర్లు ఎక్కువ కాబట్టి ఆడవాళ్ల కట్ అద్దెకు దొరికే అవకాశం కూడా ఎక్కువ. అయినా బుక్ చేసేముందు వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు అడగాలి: ఆడవాళ్ల కట్‌లో ఏయే సైజులున్నాయి, ఒక్కో సైజుకు ఎన్ని ఉన్నాయి, మందం ఎంత. 'అన్నీ ఉన్నాయి మేడమ్' అని జవాబొస్తే ఫోటో పంపమనండి. ఒక్క డైవ్, అదీ 12 మీటర్లలోపు అయితే అద్దెదే చాలు. రోజుకు రెండు చొప్పున నాలుగు రోజులు దిగేవాళ్లు సొంతది తీసుకెళ్లాలి. క్రీడా సామాన్ల దుకాణం డెకాథ్లాన్‌లో దాని సొంత సుబియా రకం తొడిగి చూసి కొనొచ్చు, వేరే బ్రాండ్లయితే మార్పిడి షరతు ముందే చదవాలి. తొడిగేటప్పుడు పాదానికి ప్లాస్టిక్ సంచి చుట్టుకుంటే సర్రున జారుతుంది. గోళ్లతో లాగితే నెలవంకల్లాంటి చీలికలు పడతాయి, వేళ్ల మెత్తని భాగంతోనే పట్టుకోవాలి.

వరసగా డైవ్‌లు చేశాక, ఆ డీకంప్రెషన్ ముప్పు వల్లే, విమానం ఎక్కేలోపు కనీసం 18 గంటలు ఆగాలి. సూట్‌ను విమానానికి ముందురోజు మధ్యాహ్నమే కడిగి వేలాడదీస్తే చాలావరకు ఆరుతుంది. తడిగా సర్దితే 15 కిలోల బ్యాగేజీలో అదొక్కటే బోలెడు తూగుతుంది, చెన్నైలో పెట్టె తెరిచేసరికి వాసన గదంతా నిండుతుంది.