వెబ్ కాన్ఫరెన్స్ టికెట్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వెబ్ పని చేసుకుంటున్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. కిందటి నెల విశాఖలో ఒక వెబ్ కాన్ఫరెన్స్‌కి, అంటే వెబ్‌సైట్లు చేసేవాళ్ల సదస్సుకి, వెళ్లి మోసపోయాను. టికెట్ 3,500 రూపాయలు. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లకీ నేనే కొన్నాను. రైలు, లాడ్జి, తిండి కలుపుకుంటే 16,000 దాటింది.

పోస్టర్ మీద తొమ్మిది మంది ఫొటోలు వేశారు. వచ్చింది నలుగురు. మిగతావాళ్లు ఎందుకు రాలేదో స్టేజీ మీద ఒక్క ముక్క చెప్పలేదు. వెబ్‌సైట్ వేగం మీద రెండు గంటల వర్క్‌షాప్ అన్నారు. అందులో పది నిమిషాలు స్లైడ్లు, తర్వాతంతా వాళ్ల కోర్సు ఫీజు, ఈఎంఐ లెక్కలు. ప్రశ్న అడుగుదామని చెయ్యెత్తితే ఒక ఫారం తెచ్చి ఇచ్చారు. పేరు, ఫోన్ నంబరు, నెలకి ఎంత సంపాదిస్తారు అని. అది నింపిన మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు.

తిరుగు రైల్లో చిన్నవాడు అడిగాడు, "అన్నా, ఇంత దూరం వచ్చి ఏటి నేర్చుకున్నాం?" అని. డబ్బు పోయినదాని కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. వాడికిది మొదటి కాన్ఫరెన్స్. అన్నీ ఇలాగే ఉంటాయనుకుంటాడేమోనని నా భయం.

అన్నీ ఇలా ఉండవు. 2009 నవంబరులో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ అనే జావాస్క్రిప్ట్ సదస్సులో ర్యాన్ డాల్ అనే ప్రోగ్రామర్ నోడ్ జేఎస్ (బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాషని సర్వర్‌లో కూడా నడిపే సాధనం) గురించి మాట్లాడాడు. అప్పటికి అతను పేరున్నవాడేమీ కాదు. తాను కట్టినదాన్ని కోడ్‌తో సహా చూపించాడు, అంతే. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ వీడియో యూట్యూబ్‌లో ఉచితంగా ఉంది, మావాళ్లిద్దరికీ ఇంటికొచ్చాక అదే చూపించాను. 1994లో జెనీవాలో మొదలైన ప్రపంచ వెబ్ సదస్సు 2011లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. అక్కడ పరిశోధన పేపరు చదవాలంటే ముందు పంపాలి, ఆ రంగంలోవాళ్లు చదివి ఒప్పుకోవాలి.

నిజం చెప్పాలంటే విశాఖలో కూడా పావుగంట మంచి కాన్ఫరెన్స్ జరిగింది, హాలు బయట మెట్ల మీద. శ్రీకాకుళం నుంచి మాలాగే టికెట్ కొనుక్కుని వచ్చిన ఒక అమ్మాయి, నేను చేసిన బరంపురం పట్టుచీరల దుకాణం సైట్ తన లాప్‌టాప్‌లో తెరిచింది. నెట్ స్పీడు తగ్గించి చూపించింది. పైనున్న చీర ఫొటో పైనుంచి కిందకి గీతలు గీతలుగా దిగుతోంది. ఆ ఒక్క ఫొటో 4 ఎంబీ ఉంది. సైజు తగ్గించి, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో ఫార్మాట్‌లోకి మార్చితే 300 కేబీ లోపుకి వచ్చింది. తన సైట్‌లో తానూ ఇదే తప్పు చేసి, ఆర్డర్లు పోగొట్టుకున్నాక తెలుసుకున్నానంది. నేను అంత దూరం వెళ్లింది అలాంటి మాట కోసమే.

కాబట్టి టికెట్ డబ్బు కట్టేముందు కిందటేడాది ప్రసంగాల వీడియోలు అడగండి. ఎవరు ఏ అంశం మీద ఎన్ని గంటలకి మాట్లాడతారో, ప్రశ్నలకి ఎంత సేపు ఇస్తారో చూడండి. వక్త రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. "ఈ రాత్రితో ఆఫర్ అయిపోతుంది" అని టెన్షన్ పెడితే ఆగిపోండి. నేను ఆగలేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు పోస్టర్, రసీదు, మెసేజ్‌లు జాగ్రత్త చేసుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, విశాఖ తిరగక్కర్లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. నేను కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను.

ఇంత తొందరగా ఎందుకు రాస్తున్నానంటే, వాళ్లు ఇప్పుడు పేరు మార్చి భువనేశ్వర్‌లో పెడుతున్నారు. టికెట్లు అమ్మడం మొదలైంది. పోస్టర్ మీద అవే తొమ్మిది ఫొటోలు.