ప్లగిన్ సెట్టింగ్స్ ఎక్కడ రాయాలి: క్లాస్‌లోనా, డేటా యాట్రిబ్యూట్‌లోనా, జేసన్ బ్లాక్‌లోనా?

ఒకే పేజీలో మూడు స్లైడర్లు ఉన్నాయనుకుందాం. ఒకటి దానంతట అదే తిరగాలి, ఇంకొకటి నొక్కితేనే కదలాలి, మూడోది 5 సెకన్లకోసారి మారాలి. వాటిని నడిపే జావాస్క్రిప్ట్ ప్లగిన్ (రెడీమేడ్ కోడ్) మాత్రం ఒక్కటే. ఏ స్లైడర్‌కు ఏ సెట్టింగో దానికి హెచ్‌టీఎంఎల్ నుంచే చెప్పాలి.

ఒకప్పుడు జేక్వెరీ (ఒక జావాస్క్రిప్ట్ లైబ్రరీ) మెటాడేటా ప్లగిన్ వాడేవాళ్లు వీటిని కర్లీ బ్రాకెట్లలో పెట్టి క్లాస్ యాట్రిబ్యూట్‌లోనే రాసేవారు. పని జరిగేది. కానీ క్లాస్‌లో ఉన్నదాన్ని బ్రౌజర్ ఖాళీల దగ్గర విడగొట్టి, ప్రతి ముక్కనూ ఒక క్లాస్ పేరుగానే చూస్తుంది. పాత సైట్‌లో ఎదురైతే చదివి అర్థం చేసుకోండి, కొత్తగా మాత్రం రాయకండి.

హెచ్‌టీఎంఎల్5తో వచ్చిన డేటా యాట్రిబ్యూట్లు ('డేటా-' అని మొదలుపెట్టి మనమే పేరు పెట్టుకునేవి) ఈ పనికోసమే పుట్టాయి. 2010లో వచ్చిన జేక్వెరీ 1.4.3 నుంచి దాని డేటా ఫంక్షన్ కూడా వీటిని చదువుతోంది. సెట్టింగ్ ఎలిమెంట్ మీదే కనిపిస్తుంది కాబట్టి, ఆరు నెలల తర్వాత కోడ్ తెరిచినవాళ్లకు కూడా వెతుకులాట ఉండదు. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

అయితే రెండు చోట్ల కాలు జారుతుంది. హెచ్‌టీఎంఎల్ యాట్రిబ్యూట్ పేర్లలో పెద్దక్షరాలను పట్టించుకోదు, అన్నిటినీ చిన్నక్షరాలు చేసేస్తుంది. 'ఆటోప్లే'లో 'ప్లే'ని పెద్దక్షరంతో మొదలుపెట్టి రాసి, సెట్టింగ్ ఎందుకు అందడం లేదో తెలియక ఒక సాయంత్రమంతా టెన్షన్ పడ్డాను. మధ్యలో హైఫన్ పెడితే, జావాస్క్రిప్ట్‌లో ఈ యాట్రిబ్యూట్లను అందించే డేటాసెట్ ఆ హైఫన్‌ను తీసేసి, తర్వాతి అక్షరాన్ని తనే పెద్దది చేసి ఇస్తుంది. ఇక రెండోది: డేటాసెట్ ఇచ్చేదంతా స్ట్రింగే, అంటే ఉత్త అక్షరాల వరుసే. 'ఫాల్స్' అని రాసినా అది ఖాళీ కాని స్ట్రింగ్, అంటే ఇఫ్ షరతులో ట్రూ కిందే లెక్క. జేక్వెరీ డేటా ఫంక్షన్ అయితే దాన్ని నిజమైన ఫాల్స్‌గా మార్చి ఇస్తుంది. అందుకే జేక్వెరీ తీసేసి మామూలు జావాస్క్రిప్ట్‌కు మారేటప్పుడు ఇలాంటి ట్రూ-ఫాల్స్ షరతులన్నీ మళ్లీ చూసుకోవాలి.

సెట్టింగ్స్‌లో జాబితాలు, ఒకదానిలో ఒకటి ఉండే ఆబ్జెక్టులు వచ్చాయంటే డేటా యాట్రిబ్యూట్ ఇరుకైపోతుంది. కోట్ గుర్తులన్నిటినీ ఎస్కేప్ చేస్తూ (గుర్తుగా పనిచేయకుండా వేరే కోడ్‌తో రాస్తూ) కూర్చోవాలి. అప్పుడు అప్లికేషన్/జేసన్ టైప్‌తో ఒక స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి, సెట్టింగ్స్‌ను అందులో జేసన్‌లో (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) రాయడమే మేలు; ఇదే జేసన్ బ్లాక్. బ్రౌజర్ దాన్ని కోడ్‌గా నడపదు, మనమే టెక్స్ట్ తీసుకుని జేసన్ పార్స్‌కు ఇవ్వాలి. సర్వర్ నుంచి నింపుతుంటే మాత్రం లోపలి విలువల్లో లెస్-దాన్ (<) గుర్తును తప్పక ఎస్కేప్ చేయండి. ఎవరో టైప్ చేసిన పేరులో స్క్రిప్ట్ ముగింపు ట్యాగ్ ఉంటే బ్లాక్ అక్కడే తెగిపోతుంది, దాని వెనకాల వచ్చేది పేజీలో కోడ్‌గా నడిచే ప్రమాదం ఉంది.

నాలుగైదు చిన్న విలువల వరకు నేను డేటా యాట్రిబ్యూట్లే రాస్తాను. అంతకు మించితే జేసన్ బ్లాక్‌కు ఒక ఐడీ ఇచ్చి, ఆ ఐడీని ఎలిమెంట్ మీద ఒకే ఒక డేటా యాట్రిబ్యూట్‌లో పెడతాను.