అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి: స్కిన్ల జూదం సైట్లను పోల్చి చూడబోయి పోగొట్టుకున్న నైఫ్

కౌంటర్ స్ట్రైక్ 2 అనే తుపాకుల ఆట ఆడుతూ స్కిన్లు (ఆయుధాలకు వేసే రంగుల అలంకరణలు) కొనే, మార్చుకునే తెలుగు మిత్రులకు, ముఖ్యంగా బెంగళూరు పీజీ గదుల్లో ఉంటూ రాత్రి పదకొండు దాటాక లాబీలో కలుసుకునే మనవాళ్లకు ఈ హెచ్చరిక రాస్తున్నాను. స్కిన్లతో పందేలు కాయించే సైట్లలో ఏది సక్రమంగా చెల్లిస్తుందో, ఏది న్యాయంగా ఆడిస్తుందో తేల్చుకుందామని నేను మూడు సైట్లను వరుసగా పరీక్షించాను, వాటికి మార్కులు వేశాను, చివరికి అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఇచ్చిన సైటులోనే నా నైఫ్ (అరుదైన, ఖరీదైన కత్తి స్కిన్) పోగొట్టుకున్నాను. సైట్ల పేర్లు రాయడం లేదు. పేరు రాస్తే జాగ్రత్తపడేవారికంటే వెతుక్కుంటూ వెళ్లేవారే ఎక్కువగా ఉంటారని నాకు అనుభవమే. అందువల్ల మొదటిది, రెండోది, మూడోది అనే చెబుతాను.

నేను మారతహళ్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. 2025 దసరాకు ప్రైవేటు బస్సు టికెట్ ధర చూసి ఊరు వెళ్లే ఆలోచన మానుకున్న వాళ్లలో నేనూ, నా గదిలో ఉండే గుంటూరు తమ్ముడూ ఉన్నాం. "అన్నా, ఈ సైటు మంచిదట, కోడ్ వేస్తే అయిదు శాతం ఎక్కువ ఇస్తాడట" అని అతను ఒక వీడియో చూపించడంతో ఇదంతా మొదలైంది. వీడియోలో చెప్పినదాన్ని నమ్మడం ఎందుకు, మనమే కొలిచి చూద్దాం అన్నది నేనే కనుక తప్పు అతని మీదకు నెట్టను.

ఆ వీడియోలను నమ్మకపోవడానికి నా దగ్గర పాత కారణం ఒకటి ఉంది. 2016లో ట్రెవర్ మార్టిన్, థామస్ కాసెల్ అనే ఇద్దరు పేరున్న యూట్యూబర్లు సీఎస్‌గో లాటో అనే సైటులో తాము గెలుస్తున్నట్టు వీడియోలు పెట్టేవారు. ఆ సైటు సొంతదారులు తామేనన్న సంగతి మాత్రం చూసేవారికి చెప్పలేదు. 2017 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో వారు రాజీ పడవలసి వచ్చింది. ఆట సొంతదారైన వాల్వ్ కూడా 2016 జులైలో ఇలాంటి 23 సైట్లకు నోటీసులు పంపింది. ఇప్పుడు మనకు కనిపించే "ఉత్తమ సైట్లు" పట్టికల్లో దాదాపు ప్రతి పేరు పక్కన ఒక కోడ్ ఉంటుంది. ఆ కోడ్ మీద చేరినవాడు పోగొట్టుకున్నదాంట్లో పట్టిక రాసినవాడికి వాటా ముడుతుంటే, ఆ వరుస క్రమం ఎవరి మేలు కోరి పెట్టిందో వేరే చెప్పాలా?

మొదట న్యాయం సంగతి చూశాం. మూడు సైట్లూ "ప్రూవబ్లీ ఫెయిర్" (నిజాయితీని ఎవరైనా సరిచూసుకోవచ్చు) అని గొప్పగా రాసుకున్నవే. దీని పని తీరు సులభమే: ఆట మొదలుకాకముందే సైటు ఒక రహస్య సర్వర్ సీడ్ (ఫలితానికి మూలమైన అక్షరాల, అంకెల వరుస) ఎంచుకొని, దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌ను, అంటే వెనక్కి విప్పలేని వేలిముద్ర వంటిదాన్ని, మనకు చూపిస్తుంది, మన వైపు నుంచి ఒక క్లయింట్ సీడ్, ప్రతి పందేనికీ ఒకటి చొప్పున పెరిగే సంఖ్య కలిపి ఫలితం తీస్తారు, తరువాత సీడ్ మార్చినప్పుడు పాత రహస్యాన్ని బయటపెడతారు, అప్పుడు హ్యాష్ సరిపోయిందో లేదో మనమే లెక్క కట్టుకోవచ్చు. నేను చిన్న ప్రోగ్రామ్ రాసి మూడో సైటులో నాలుగు వందల పందేలను ఇలా సరిచూశాను. ఒక్కటి కూడా తేడా రాలేదు. మొదటి సైటు మాత్రం క్లయింట్ సీడ్ మార్చుకునే వీలు ఇవ్వలేదు. రెండు సీడ్లూ తానే ఎంచుకునేటప్పుడు తనకు అనుకూలమైన జతను ముందే చూసుకోవడానికి సైటుకు అడ్డేమీ లేదు కనుక దానికి అక్కడే సున్నా వేశాను.

అయితే చక్రం నిజాయితీగా తిరిగినంత మాత్రాన ఆటగాడికి ఒరిగేది తక్కువ. మామూలు రూలెట్‌లో 15 గళ్లుంటాయి: ఏడు ఎరుపు, ఏడు నలుపు, ఒకటి ఆకుపచ్చ. ఎరుపు మీద 100 రూపాయలు కాస్తే 15లో 7 సార్లు 200 వస్తాయి, అంటే సగటున 93 రూపాయల 33 పైసలు. ఆకుపచ్చకు 14 రెట్లు ఇస్తారు, దాని సగటు కూడా సరిగ్గా అంతే. ఏ రంగు మీద కాసినా నూటికి 6.67 సైటుకే పోతుంది, ఇది మోసం కాదు, గోడ మీద రాసిపెట్టిన ధర. మరో సంగతి, ఒక సైటు తన కేసుల్లో (తెరిస్తేనే లోపల ఏముందో తెలిసే పెట్టెల్లో) 90 శాతం తిరిగి ఇస్తుందని రాసుకున్నప్పుడు ఆ 90 శాతం కొలిచేది ఆ సైటు కాయిన్లలో, ఆ సైటు వేసుకున్న ధరల్లో. కొలతబద్ద అమ్మేవాడి చేతిలోనే ఉంది. ఆట లోపలి వాల్వ్ కేసులు ధర్మసత్రాలు అని నేను అనడం లేదు. చైనా కోసం 2017లో బయటపెట్టిన లెక్కల ప్రకారం వాటిలో నైఫ్ వంటి అరుదైన వస్తువు వచ్చే అవకాశం 0.26 శాతం, అంటే సుమారు 385 కేసులకు ఒకటి.

ఇక చెల్లింపుల పరీక్ష. నా దగ్గర ఏకే-47 తుపాకీకి రెడ్‌లైన్ అనే స్కిన్లు మూడుండేవి, మూడూ ఫీల్డ్ టెస్టెడ్ (ఒక మోస్తరుగా అరిగినవి), అరుగుదలను చూపే ఫ్లోట్ 0.22కూ 0.25కూ మధ్య. వాల్వ్ నడిపే స్టీమ్ మార్కెట్‌లో అప్పుడు ఒక్కొక్కటి సుమారు 3,000 రూపాయలు పలికేవి. ఒక్కో సైటులో ఒక్కటి వేసి, ఒక్క పందెమూ కాయకుండా, వెంటనే అదే రకం తుపాకీని తిరిగి తీసుకోవడానికి ప్రయత్నించాను. స్టీమ్‌లో అమ్మితే 15 శాతం రుసుము పోతుంది, మిగిలింది వాలెట్ దాటి బయటకు రాదు, అందువల్ల బయట నగదు మార్కెట్‌లో ఎప్పుడూ ధర తక్కువే ఉంటుంది; ఆ కారణంగా 3,000 వస్తువుకు 2,300 కట్టినంత మాత్రాన సైటును నిందించలేం. చూడవలసింది ఒకే వస్తువుకు ఒకే పూట అది వేసే రెండు ధరల మధ్య దూరం.

మొదటి సైటు నా రెడ్‌లైన్‌కు 2,310 రూపాయల విలువైన కాయిన్లు ఇచ్చింది. అలాంటిదే తన స్టోర్‌లో 2,790కి పెట్టింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు అన్నది ఈ స్టోర్‌ను చూసేనేమో అనిపించింది. రెండో సైటు 2,490 ఇచ్చింది కానీ స్టోర్ నిండా ఎవరికీ అక్కరలేని స్టిక్కర్లే ఉన్నాయి, చివరికి క్రిప్టో రూపంలో తీసుకుంటే ఫీజులన్నీ పోను చేతికి 2,040 వచ్చింది. క్రిప్టో లాభం మీద మన దేశంలో 30 శాతం పన్ను, బదిలీ మీద ఒక శాతం టీడీఎస్ ఉన్న సంగతి తీసుకునేటప్పుడు ఎవరికీ గుర్తు రాదు. మూడో సైటు 2,640 ఇచ్చి, అలాంటి తుపాకీనే 2,760కి పెట్టింది. 120 రూపాయలు కలిపి అడిగితే పదకొండు నిమిషాల్లో ట్రేడ్ ఆఫర్ (స్టీమ్‌లో వస్తువు మార్పిడికి వచ్చే ప్రతిపాదన) వచ్చింది. స్ప్రెడ్‌షీట్‌లో ఆ వరుసకు ఆకుపచ్చ రంగు వేసి, ఆఫీసులో ఇద్దరికి "వేస్తే దీంట్లోనే వేయండి" అని కూడా చెప్పాను. ఇప్పుడు వాళ్ల ముఖం చూడాలంటే ఇబ్బందిగానే ఉంది.

మా తమ్ముడు మొదటి సైటులో కోడ్ వేసి అయిదు శాతం బోనస్ తీసుకున్నాడు. 2,310కి 115 కలిసి 2,425 అయింది. షరతుల్లో అడుగున ఉన్న వాక్యం ప్రకారం బోనస్ తీసుకున్నవాడు మొత్తం నిల్వకు మూడింతల పందేలు కాసేదాకా ఏదీ బయటకు తీయకూడదు. 7,275 రూపాయల పందేలకు నూటికి 6.67 చొప్పున పోయేది సగటున 485. ఊరికే వచ్చిన 115 కోసం 485 కట్టాడన్న మాట. అతని అదృష్టం సగటుకంటే కూడా బాగాలేదు.

2025 అక్టోబరు 22న ఆటకు వచ్చిన అప్‌డేట్‌తో నా సంగతి వచ్చింది. అరుదుతనంలో నైఫ్‌కు కింది మెట్టైన ఎరుపు తరగతి స్కిన్లను అయిదింటిని కలిపి ఒక నైఫ్‌గానో గ్లవ్స్‌గానో మార్చుకోవచ్చని వాల్వ్ అనుమతించడంతో నైఫ్ ధరలు కుప్పకూలాయి, ఎరుపు స్కిన్ల ధరలు ఆకాశానికి ఎగిశాయి. దీపావళి దీపాలు ఇంకా బాల్కనీలోనే ఉన్నాయి. మరునాడు పొద్దున ఆఫీసు క్యాబ్ కోసం నిలబడి ఫోన్ చూస్తే, ఏడాది క్రితం 14,000 పెట్టి కొన్న నా నైఫ్ గంట గంటకూ దిగిపోతోంది. దీన్ని మూడో సైటులో వేసి ఎరుపు స్కిన్లుగా మార్చుకుంటే కొంతైనా దక్కుతుందనే తొందరలో, రోడ్డు మీదే ట్రేడ్ ఒప్పుకున్నాను. 7,900 రూపాయల కాయిన్లు పడ్డాయి. స్టోర్ తెరిచి చూస్తే, నా నైఫ్‌కు కొత్తగా పడిపోయిన ధర కట్టిన సైటే అలాంటి నైఫ్‌ను నిన్నటి ధరకే, అంటే 12,600కే అమ్మకానికి పెట్టి ఉంది. ఎరుపు స్కిన్లకు మాత్రం ఆ గంటలోనే పెరిగిన ధర వేసేసింది. దిగిన చోట దిగిన ధర మనకు, ఎక్కిన చోట ఎక్కిన ధర కూడా మనకే. రెడ్‌లైన్ మీద 120 రూపాయలే, అంటే నాలుగు శాతం అని నేను కొలిచిన దూరం, ఎవరికీ తొందర లేని రోజున, మూడు వేల రూపాయల వస్తువుతో కొలిచింది.

సరే, పోయినంత పోయిందని రెండు ఎరుపు స్కిన్లు ఎంచుకొని విత్‌డ్రా నొక్కితే కేవైసీ అడిగింది. రెడ్‌లైన్ తీసుకున్నప్పుడు అడగలేదు. ఒక మొత్తం దాటితేనే అడుగుతుందట. పాస్‌పోర్టు, దానితో సెల్ఫీ, చిరునామా పత్రం, ఆ నైఫ్‌ను స్టీమ్‌లో కొన్న రశీదు, అన్నీ అదే రోజు మధ్యాహ్నానికి పంపాను. అయిదు నుంచి ఏడు పని దినాలు పడుతుందని జవాబు. 2025 జులై నుంచి స్టీమ్‌లో ట్రేడ్ ప్రొటెక్షన్ ఉంది: ట్రేడ్‌లో ఇచ్చిన వస్తువును ఏడు రోజుల లోపల వెనక్కి రప్పించుకోవచ్చు, దానికి బదులు ముప్పై రోజులు మన ట్రేడింగ్ ఆగిపోతుంది. ఖాతాలు చోరీ అయినవారి కోసం పెట్టిన సదుపాయం కనుక, దాన్ని అడ్డం పెట్టుకొని ఓడిన పందెం వెనక్కి లాక్కుంటారని సైట్లు భయపడడం న్యాయమే, ఏడు రోజులు ఆపడాన్ని నేను తప్పు పట్టను. నాకు జవాబు వచ్చింది అక్టోబరు 31న, అంటే ఎనిమిది రోజుల తరువాత. మీ దేశం మా నిషిద్ధ దేశాల జాబితాలో ఉంది, నిబంధనల ప్రకారం ఖాతా స్తంభింపజేస్తున్నాం అన్న రెండే వాక్యాలు. నేను ఏ దేశం నుంచి ఆడుతున్నానో నమోదు చేసుకున్న నాటి నుంచీ వారికి తెలుసు, పాస్‌పోర్టు చేరింది మొదటి రోజే. ఎనిమిది రోజులు ఎందుకు ఆగారో రుజువు చేయలేను, నా అనుమానం మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ నైఫ్ మీద నేను ఒక్క పందెం కూడా కాయలేదు.

ఫిర్యాదు సంగతి అడుగుతారు కనుక చెబుతున్నాను. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బుతో పాటు డబ్బుగా మార్చుకోగల కాయిన్లు, టోకెన్లు, వస్తువులను కూడా పందెం కిందే లెక్కిస్తుంది; అలాంటి ఆట నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు కనుక ఫిర్యాదు చేయడానికి జంకవద్దు, సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. కానీ బ్యాంకు బదిలీకైతే లావాదేవీ సంఖ్య ఉంటుంది, ఎక్కడో ఆపవచ్చు. స్కిన్ ఇచ్చినవాడి దగ్గర ఉండేది ట్రేడ్ ఆఫర్ సంఖ్య, కొన్ని స్క్రీన్‌షాట్లు మాత్రమే. ఖాతా స్తంభించగానే సైటులో ట్రేడ్ చరిత్ర కనిపించడం మానేస్తుంది కాబట్టి ఇప్పటికే ఏదైనా సైటులో మీ వస్తువులు ఉంటే ఆ పేజీలను ఈ రాత్రే ఫోటో తీసి పెట్టుకోండి, నిబంధనల పేజీతో సహా. నాకు జవాబు వచ్చిన మరునాడు చూస్తే ఆ దేశాల జాబితా పేజీ మీద తేదీ కొత్తగా ఉంది.

ఇంకొక్కటి. సైట్లను పోల్చడానికి వెతికేటప్పుడు మొదట కనిపించిన ప్రకటన నొక్కి మా తమ్ముడు ఒక నకిలీ పేజీలో స్టీమ్ లాగిన్ ఇచ్చాడు. అదృష్టవశాత్తు ఆ రోజే చూశాం, అతని ఖాతాలో తాను పెట్టని వెబ్ ఏపీఐ కీ (వేరే ప్రోగ్రామ్ ఖాతాలోని ట్రేడ్లను చూసి నడపడానికి వాడే తాళంచెవి వంటి కోడ్) ఒకటి ఉంది. అది ఉంటే మనం పంపే నిజమైన ట్రేడ్‌ను రద్దు చేసి, అదే పేరు, అదే బొమ్మ ఉన్న ఇంకో ఖాతా నుంచి ఆఫర్ పంపిస్తారు, మనం ఫోన్‌లో ఒప్పేసుకుంటాం. కీ తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, అన్ని చోట్ల నుంచీ లాగౌట్ చేశాం.

మొదటి సైటులో అతనికి ఇంకా 640 కాయిన్లు మిగిలి ఉన్నాయి. విత్‌డ్రాకు కనీస మొత్తం 1,000. మిగతా 360 వేస్తే తీసుకోవచ్చని రెండు రోజులకోసారి సందేశం వస్తోంది. నిన్న కూడా "వేయమంటావా అన్నా" అని అడిగాడు, వద్దన్నాను.