క్లయింటు చేతికి ఏసీఎఫ్ ఇచ్చి చూశాక

చిన్న ఆసుపత్రులకు, స్కూళ్లకు వెబ్‌సైట్లు చేసిస్తుంటాను. డిజైన్, థీమ్ కోడ్ అన్నీ నావే. సైటు అప్పగించాక "డాక్టరుగారి ఓపీ టైము మారిందండీ, కాస్త మార్చి పెట్టండి" అంటూ వేళకాని వేళ ఫోన్లు వచ్చేవి. ఆ బాధ పడలేకే, సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ అనే ప్లగిన్ (అదనంగా తగిలించుకునే ప్రోగ్రాం) పెట్టడం మొదలుపెట్టాను. అందరం ఏసీఎఫ్ అంటాం. కొన్నేళ్లుగా నా సైట్లన్నిటిలోనూ అదే.

ఇందులో క్లయింటుకు పేజీ కనబడదు, బాక్సులే కనబడతాయి. పేరు, డిగ్రీ, ఫొటో, ఓపీ వేళలు నింపితే చాలు, మిగతాది నా కోడ్ చూసుకుంటుంది. ప్రతి బాక్సు దగ్గరా ఏం రాయాలో తెలుగులోనే సూచన పెట్టొచ్చు. ఫొటో వెడల్పు కనీసం ఇంత ఉండాలని షరతు కూడా పెట్టొచ్చు. వాట్సాప్‌లో చేతులు మారి చిక్కిపోయిన ఫొటోలకు అడ్డుకట్ట పడింది దానితోనే. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి నన్ను అడక్కుండానే కొత్త డాక్టర్లను చేర్చేస్తోంది.

డబ్బు కట్టి ప్రో తీసుకోవాల్సింది రిపీటర్ కోసం, అంటే ఒకే రకం బాక్సుల్ని ఎన్నిసార్లయినా చేర్చుకునే ఫీల్డు కోసం. పేజీ భాగాల్ని క్లయింటే నచ్చిన వరసలో పేర్చుకునే ఫ్లెక్సిబుల్ కంటెంట్ కూడా ప్రోలోనే వస్తుంది గానీ, దాన్ని క్లయింట్లకు ఇవ్వడం మానేశాను. ఒక స్కూలువాళ్లకు ఇస్తే హోమ్‌పేజీ నిండా బ్యానర్లే పేర్చారు! 2018 చివర్లో వచ్చిన వర్డ్‌ప్రెస్ సొంత ఎడిటర్ గూటెన్‌బర్గ్‌ను వార్తల పోస్టులకు మాత్రమే ఉంచుతాను, అదీ రంగులు, ఫాంటు సైజుల ఆప్షన్లు తీసేసి.

తెలుగు సైట్లకు వేరే తలనొప్పులున్నాయి. ప్రెస్‌లో అను ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ తెచ్చి పేస్ట్ చేస్తే పిచ్చి గీతలే మిగులుతాయి. ముందే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, ఏసీఎఫ్ అందులో చేసేదేమీ లేదు. ఇంకొకటి, తెలుగు శీర్షిక పెడితే లింకు మధ్యలో తెగుతుంది. వర్డ్‌ప్రెస్ లింకు పేరుకిచ్చే చోటు 200 అక్షరాలు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ అందులో తొమ్మిదేసి పోతాయి. అంటే 22తో సరి. అందుకే లింకు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయమని ఎడిట్ స్క్రీన్ మీదే సూచన పెడతాను.

లోపాలంటే, ప్రతి బాక్సుకూ డేటాబేస్‌లో రెండేసి వరసలు పడతాయి. రిపీటర్‌లో వందల ఎంట్రీలు పెడితే ఎడిట్ పేజీ తెరుచుకోవడానికే ఆపసోపాలు పడుతుంది. పెద్ద జాబితాలకు ఒక్కో ఎంట్రీనీ విడి పోస్టుగా ఉంచే కస్టమ్ పోస్ట్ టైప్ మేలు. ప్లగిన్‌ను ఎవరైనా ఆఫ్ చేస్తే నా థీమ్ పడిపోతుంది కాబట్టి క్లయింటుకు ఎడిటర్ లాగిన్ మాత్రమే ఇస్తాను, అడ్మిన్ ఇవ్వను. దీనిమీద అలిగినవాళ్లూ ఉన్నారు.

2024 అక్టోబరులో మాత్రం కొంచెం టెన్షన్ పడ్డాం. ఏసీఎఫ్ సొంతదారైన హోస్టింగ్ కంపెనీ డబ్ల్యూపీ ఇంజిన్‌తో గొడవ ముదిరి, ఉచిత ప్లగిన్లు దొరికే వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ తన దగ్గరున్న ఉచిత ఏసీఎఫ్‌ను సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్‌గా మార్చేసింది. డిసెంబరులో కోర్టు ఆదేశంతో పాత పేరు తిరిగొచ్చింది. ప్రో అప్‌డేట్లు ఏసీఎఫ్ సైటు నుంచే వస్తాయి కాబట్టి నా సైట్లకేం కాలేదు.

వారానికో కొత్త లేఅవుట్ కావాలనే క్లయింటుకు ఇది పెట్టకండి. ప్రతి కొత్త బాక్సుకూ మళ్లీ మీకే ఫోన్ వస్తుంది.