సబ్బు బాగుంది, ప్లానే తేడా

రేటింగ్: సామాన్లకి 5కి 3. మనుషుల్ని చేర్పించి సంపాదించే వాళ్ల ప్లానుకి సున్నా.

"చిన్న మీటింగ్ ఉంది, బిర్యానీ కూడా పెడతారు, ఊరికే వచ్చి విను బామ్మర్దీ" అని మా బావ అంటే ఆదివారం కూకట్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాలుకి వెళ్లాను. బిర్యానీ లేదు, టీ, రెండు బిస్కెట్లు ఇచ్చారు. మండుటెండల్లో కోట్లు వేసుకున్న కుర్రాళ్లు గుమ్మం దగ్గర నిలబడి, సాయంత్రం ఐదున్నరకి, వచ్చిన ప్రతివాడికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి "గుడ్ మార్నింగ్ లీడర్" అంటున్నారు. కంపెనీ పేరు రాయను, బావ ఇంకా అందులోనే ఉన్నాడు.

ముందు సామాన్ల సంగతి. సబ్బు నిజంగానే బాగుంది, నీళ్లలో నానినా ముద్ద కాదు, కాకపోతే 110 రూపాయలు, అలాంటిదే మా కిరాణా కొట్లో 45కి దొరుకుతుంది. ప్రొటీన్ పౌడర్ మాత్రం పాలల్లో ఎంత కలిపినా ఉండలు కడుతుంది, తాగాక నోట్లో సుద్దముక్క నమిలినట్టుంటుంది. మోకాళ్ల నొప్పుల నూనె వాసన బాగానే ఉంది, అంతకుమించి చెప్పలేను.

ఇక ప్లాను. గంటన్నర మీటింగ్‌లో సబ్బు గురించి మాట్లాడింది నాలుగు నిమిషాలు కూడా లేదు, మిగతాదంతా బోర్డు మీద సున్నాలు. పైన "నువ్వు", కింద లెఫ్ట్‌లో ఒకరు, రైట్‌లో ఒకరు, వాళ్ల కింద మళ్లీ ఇద్దరిద్దరు. 12,500 పెట్టి కిట్ కొంటేనే ఐడీ యాక్టివ్ అవుతుందట. నేను లేచి, మీటింగ్ చెప్తున్న ఆయన్ని "సార్, ఎవరినీ చేర్పించకుండా ఈ సబ్బులే ఇంటింటికీ అమ్ముకుంటే నెలకి ఎంతొస్తుంది?" అని అడిగాను. ఆయన నవ్వి "అలా ఆలోచిస్తే జీవితాంతం ఉద్యోగిగానే మిగిలిపోతారు" అన్నాడు, హాలంతా చప్పట్లు. లెక్క మాత్రం చెప్పలేదు.

నాకు కావాల్సిన జవాబు అదే. కంపెనీలో చేరని మామూలు మనిషి తనకి పనికొస్తుందని సబ్బు కొని, ఆ అమ్మకం మీద కమీషన్ వస్తే అది డైరెక్ట్ సెల్లింగ్, తప్పేం లేదు. కొత్తగా చేరినవాడి కిట్ డబ్బే పైవాడి ఆదాయమైతే అది మనీ సర్క్యులేషన్, మన దేశంలో 1978 నుంచే దాని మీద నిషేధ చట్టం ఉంది. ఆ చట్టం నడిపేవాళ్లనే కాదు, సభ్యుడిగా చేరడాన్ని కూడా నిషేధించింది, ఈ ముక్క బావకి చెప్తే మొహం మాడిపోయింది. సామాన్లు ఇస్తున్నారు కదా, మనకేం కాదు అనుకోవడానికీ లేదు, ఆమ్‌వే ఇండియా వేసిన కేసులో 2007లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ప్రాథమికంగా చూస్తే ఆ స్కీము ఈ చట్టం కిందికే వస్తుందని అంది. చేరడానికి ఎంట్రీ ఫీజు తీసుకోకూడదని కేంద్రం 2016 గైడ్‌లైన్స్‌లో ఉంది, అందుకేనేమో వీళ్లు ఫీజు అనరు, "కిట్" అంటారు. 2021 డిసెంబర్‌లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ అయితే ఇలా కింద కింద మనుషుల్ని చేర్చుకుంటూ పోయే పిరమిడ్ స్కీములు వద్దని పేరు పెట్టి మరీ చెప్పాయి.

స్టేజీ మీద సర్టిఫికెట్ ఊపుతూ "గవర్నమెంట్ రిజిస్టర్డ్, జీఎస్టీ ఉంది" అన్నారు. మా వీధి చివర బేకరీకీ ఉంది జీఎస్టీ.

టీ తాగుతూ ఫోన్‌లో లెక్క వేశాను. ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది, ఇలా పోతే 27వ వరసకే 13 కోట్ల 42 లక్షల మంది కావాలి, 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం కలిపినా ఎనిమిదిన్నర కోట్లు లేదు. ఫోన్ చూపిస్తే బావ "అంత కింది దాకా మనకెందుకు, మన కింద ఓ పది లెవెల్స్ చాలు" అన్నాడు. ఆ పదో లెవెల్‌లో చేరినవాడి సంగతేంటి బావా అంటే ఫోన్ వచ్చిందని బయటికెళ్లాడు.

వద్దనుకుంటే కిట్ వెనక్కి తీసుకుంటారా అని కౌంటర్‌లో అడిగితే "మీ అప్‌లైన్‌ని కనుక్కోండి" అన్నారు, అప్‌లైన్ అంటే మనల్ని చేర్పించిన పైవాడు. బావ అప్‌లైన్ వాళ్ల ఆఫీసులో కొలీగే, ఆయనా ఇంకొకరిని కనుక్కోవాలట. బావ కొన్న కిట్ అట్టపెట్టె ప్రస్తుతం అక్కావాళ్ల మంచం కింద ఉంది. నూనె సీసాలు అక్క ఊళ్లో అమ్మకీ పెద్దమ్మకీ పంపేసింది, డబ్బులు తీసుకోలేదు. నేను రెండు సబ్బులు కొన్నాను, మొదటిదే ఇంకా నడుస్తోంది, తొందరగా అరగదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.