పగిలిన పెంకులు: మార్చుకుంటే చాలా, కప్పు దించాలా?

పెంకుటిల్లు ఉన్నవాళ్లు ఈ మధ్య నన్ను పదేపదే అడుగుతున్నది ఇదే. పెంకులు నెర్రెలిస్తున్నాయి, పగిలినవాటి వరకు మార్చుకుంటే సరిపోతుందా, సిమెంటు పూస్తే నిలుస్తుందా, మొత్తం దించి మళ్లీ నేయించాలా అని. పోయిన ఎండాకాలం ప్రొద్దుటూరు దగ్గర మా జేజి ఇంటికి ఈ పని చేయించాం. అందుకు ముందు నాలుగేళ్లు మేమూ ఇదే ప్రశ్నతో కొట్టుమిట్టాడాం.

పూత సంగతి ముందు తేల్చేస్తాను. 2021 నవంబరులో, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన ఆ వానల్లో, మా వంటింట్లో నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాల్సొచ్చింది. వాన తెరిపివ్వగానే బేల్దారిని పిలిచి నెర్రెలన్నిటికీ సిమెంటు పూయించాం. కాల్చిన మట్టి పెంకు ఎండకు ఒక తీరుగా సాగుతుంది, సిమెంటు ఇంకో తీరుగా సాగుతుంది. ఒక్క ఎండాకాలం గడిచేసరికి పూత అంచులు లేచి, ఆ సందులోంచి మళ్లీ నీళ్లు దిగాయి. వాన మధ్యలో గండం గట్టెక్కాలంటే పూత పెట్టుకోండి, టార్పాలిన్ కప్పుకోండి. అంతకు మించి వాటి మీద డబ్బు పెట్టొద్దు.

పగిలినవాటి వరకు మార్చడం మంచి పద్ధతే. ఖర్చు తక్కువ, ఒక పూటలో అయిపోతుంది. చిక్కు ఎక్కడంటే, పాత పెంకుకు జోడీ దొరకడంలో. మా వైపు బెంగుళూరు పెంకులంటారు గానీ ఇవి మంగుళూరు పెంకులు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ ఫ్యాక్టరీతో మొదలైన నమూనా ఇది. ఒక పెంకు అంచు పక్కదాని గాడిలో కూర్చోవాలి. ఫ్యాక్టరీ మారితే గాడి కొలత కాస్త మారుతుంది. కొత్త పెంకు తెచ్చి పాతవాటి నడుమ ఇరికిస్తే ఒక మూల లేచి నిలబడుతుంది, గాలివాన వస్తే నీళ్లు అక్కడినుంచే దూరతాయి. పెంకు తిరగేస్తే అడుగున ఫ్యాక్టరీ ముద్ర కనిపిస్తుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, చుట్టుపక్కల పాత ఇళ్లు పడగొడుతున్న చోట అదే ముద్ర ఉన్నవి వెతకండి. కొనేముందు ఒక్కొక్కదాన్ని చేత్తో వేలాడదీసి వేలి కణుపుతో కొట్టి చూడండి. గట్టిది కంగుమంటుంది. కంటికి కనపడని నెర్రె ఉన్నది మొద్దుగా పలుకుతుంది.

కానీ నా మటుకు అసలు చూడాల్సింది పెంకును కాదు, దాని కింది చెక్కను.

ఇది నాకు తెలిసింది మా ఊరి వడ్లాయన వల్ల. నేను కొత్త పెంకుల లెక్క చెప్తుంటే ఆయన వినిపించుకోలేదు. కప్పు మీద ఒక వరుస పెంకులు తీయించాడు. చూరు నుంచి కొప్పు దాకా రీపర్ల (పెంకులు కూర్చునే అడ్డ చెక్కపట్టీల) మీదుగా నూలుదారం బిగించి పట్టుకున్నాడు. రెండు కొసల్లో దారం చెక్కకు ఆనింది. నడుమ సందులో నా మూడు వేళ్లు దూరాయి. "పెంకుది కాదబ్బీ తప్పు, వాసం కుంగింది. నువ్వు ఎన్ని మార్చినా ఇక్కడే పగుల్తాయి" అన్నాడు. వాసమంటే రీపర్లను మోసే ఏటవాలు కర్ర. అది గోడలోకి దిగే చోట గోరుతో గీరి చూపిస్తే చెదలు తిన్న పొట్టు పొడిపొడిగా రాలింది.

వాసం కుంగితే రెండు నష్టాలు. పైన కూర్చున్న పెంకుల గాడులు ఒకదాన్నొకటి ఒత్తుకుని మూలలు విరుగుతాయి. రెండోది ఇంకా చెడ్డది. కుంగిన చోట వాలు తగ్గిపోతుంది. గబగబా జారిపోవాల్సిన నీళ్లు అక్కడ నెమ్మదిస్తాయి, ఎదురుగాలికి పై పెంకు కిందికి ఎక్కుతాయి. పెంకు ఒక్కటీ పగలకపోయినా ఇల్లు కారుతుంది. ఆ నీళ్లకు చెక్క ఇంకా నానుతుంది, ఇంకా కుంగుతుంది.

కాబట్టి ముందు పగుళ్లు ఎక్కడున్నాయో చూడండి. కప్పంతా అక్కడొకటి ఇక్కడొకటి పగిలి ఉంటే అది కోతుల పనో, పక్కింటి కొబ్బరిమట్ట పడిందో అయ్యుంటుంది. అప్పుడు ఆ పెంకులు మార్చుకుంటే చాలు. పోయినేడు మార్చిన చోటే ఈ యేడూ పగిలితే మాత్రం ఇంకా పెంకులు కొంటూ కూర్చోవద్దు. దించాల్సిందే.

దించడమంటే జనం భయపడతారు గానీ, అనుకున్నంత పెద్ద పని కాదు. మాది ఆరు వందల చదరపు అడుగుల కప్పు. తొమ్మిది వందల దాకా పెంకులు దించి, ఒక్కొక్కటీ కొట్టి చూసి, కడిగి పెట్టాం. పనికిరానివి నూటపది తేలాయి. మిగతావన్నీ మళ్లీ పైకెక్కాయి. ముప్ఫై వాసాల్లో తొమ్మిది మార్చాం, రీపర్లు మొత్తం కొత్తవి వేశాం, గోడలోకి దిగే కొసలకు చెదల మందు పూయించాం. ఆరు రోజుల పని. పెంకుల కంటే చెక్కకూ కూలికీ ఎక్కువైంది. ఆ తర్వాత వచ్చిన ఆశ్వయుజ, కార్తీక మాసాల వానలకు వంటింట్లో గిన్నె పెట్టే పని పడలేదు.

రేకులు వేసుకోమని చాలామంది సలహా ఇస్తారు. చవక, తొందరగా అయిపోతుంది, నిజమే. కడప జిల్లా ఎండల్లో మధ్యాహ్నం రేకుల కింద పండుకుని చూడండి, తెలుస్తుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పోతుంది, రేకుకు ఆ దారి లేదు. ఆస్బెస్టాస్ ఉన్న సిమెంటు రేకులైతే అసలు వద్దు. వాటిని కోసినా పగలగొట్టినా లేచే ధూళి క్యాన్సర్ తెస్తుంది.

స్లాబు మాటంటారా, పాత ఇళ్ల గోడలు చాలావరకు రాయి, మట్టితో కట్టినవి. వంద చదరపు అడుగుల కప్పుకు పెంకుల బరువు మూడున్నర క్వింటాళ్ల దాకా ఉంటుంది. అయిదంగుళాల స్లాబైతే దగ్గర దగ్గర మూడు టన్నులు. ఇంజినీరుకు చూపించకుండా ఆ గోడల మీద స్లాబు వేయొద్దు.

దించే పని పెట్టుకుంటే ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకోండి. జూన్‌లో కప్పు తెరిచి ఉంటే మేఘం కనిపించినప్పుడల్లా టెన్షనే. పెంకు నడుమ కాలు పెట్టనివ్వొద్దు, కింద రీపరు ఉన్న చోట పలక వేసి దాని మీద నడవమనండి. మార్చడానికి తెచ్చినవాటిలో మిగిలిన మంచి పెంకులను పారేయకండి. మేము యాభై దాకా పెరటిగోడకు నిలువుగా ఆనించి పెట్టుకున్నాం, అన్నీ ఒకే ముద్రవి.