నల్లజాతి విద్యార్థి ఉద్యమంపై నాలుగు ఆదివారాల తరగతులు

నెల్లూరు ట్రంకురోడ్డు పక్కసందులో ఒక మేడమీద నడుస్తున్న పఠనమందిరం వారు, అమెరికాలో నల్లజాతి విద్యార్థులు సాగించిన పోరాటాల గురించీ, వాటి మూలంగా విశ్వవిద్యాలయాలలో నల్లజాతి అధ్యయన శాఖలు ఏర్పడిన తీరు గురించీ నాలుగు ఆదివారాలు తెలుగులో తరగతులు నిర్వహించారు. రుసుము 300 రూపాయలు. నేను కావలి నుంచి రైల్లో వచ్చి నాలుగింటికీ హాజరయ్యాను.

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు తెల్లవారికే కేటాయించిన ఫలహారశాల బల్ల ముందు కూర్చున్న ఘటనతో మొదలైన తొలి పాఠం కొంత హడావుడిగా ముగిసింది. రెండో ఆదివారం మాత్రం రుసుము మొత్తానికీ సరిపోయింది. 1968 నవంబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో మొదలై మరుసటి మార్చి దాకా సాగిన సమ్మెను మాస్టారు రెండున్నర గంటలపాటు చెప్పారు. జార్జ్ మరే అనే బోధకుడి సస్పెన్షన్‌తో రగిలిన ఆ సమ్మెలో నల్లజాతి విద్యార్థి సంఘం పది డిమాండ్లు పెట్టగా, లాటిన్, ఆసియా మూలాల విద్యార్థులతో కూడిన కూటమి మరో అయిదు చేర్చింది. కాలేజీ తాత్కాలిక అధ్యక్షుడు హయకావా సమ్మెకారుల లౌడ్‌స్పీకర్ల బండి ఎక్కి తీగలు పీకేసిన సంగతి వింటున్నప్పుడు గదిలో ఎవరూ కదలలేదు. 1969లో అక్కడ జాతుల అధ్యయన కళాశాల వచ్చింది గానీ, నల్లజాతి అధ్యయన శాఖకు రూపకల్పన చేసిన నేథన్ హేర్‌ను కొలువులో ఉంచలేదు. గెలిచినవారు పోగొట్టుకున్నదాన్ని కూడా దాచకుండా చెప్పడం ఈ తరగతులలో నాకు ఎక్కువగా నచ్చిన గుణం.

మూడో వారం నిరాశపరిచింది. 1969 ఏప్రిల్‌లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు తాము ఆక్రమించిన భవనం నుంచి తుపాకులతో బయటికి వస్తున్న ఫొటోను తెరమీద చూపారు. అంతకుముందు నల్లజాతి విద్యార్థినుల వసతిగృహం ముందు బెదిరింపుగా శిలువ తగలబెట్టారనీ, భవనంలోకి తెల్లజాతి విద్యార్థులు చొరబడి ఆక్రమించినవారిని గెంటివేయబోయారనీ, ఆ తరువాతే ఆయుధాలు లోపలికి చేరాయనీ ఎవరో అడిగితే గానీ చెప్పలేదు. అలాంటి బొమ్మను కారణం చెప్పకుండా చూపితే చూసినవారి మనసులో భయమే మిగులుతుంది.

చివరి వారం 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కు రాసిన లేఖనూ, 1972లో బొంబాయిలో పుట్టిన దళిత యువకుల సంఘం దళిత్ పాంథర్స్‌నూ చక్కగా కలిపారు. అయితే 1985లో దళితుల ఊచకోత జరిగిన కారంచేడు ప్రస్తావన లేదు, మన జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన దూబగుంట ఊసే లేదు. అక్షరాస్యత వాచకంలో తమ బతుకును చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన జిల్లాలో, పాఠ్యపుస్తకంలో ఎవరి జీవితం ఉండాలని పోరాడిన విద్యార్థుల గురించి చెబుతూ ఆ మాట వదిలేయడం నాకు బాధ కలిగించింది.

జిరాక్స్ నోట్సు స్పష్టంగా ఉంది, తేదీలు సరిగా ఉన్నాయి. డిగ్రీ, పీజీ విద్యార్థులు తప్పక చేరవచ్చు. అయిదో ఆదివారం మన జిల్లాల కోసం పెట్టమని నిర్వాహకులకు రాసిచ్చాను. పెడితే మరో వంద కట్టి మళ్లీ వస్తాను.